దియత్ తెలిసిన మనకు పరిహారపు హక్కు తెలియదా?

మా పట్టణ శివారులో జాతీయ రహదారి పక్కన పంక్చర్ల దుకాణం నడుపుకునే ఒక సోదరుణ్ణి 2022 చివరలో లారీ ఢీకొంది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. వయసు 34. భార్య, ఇద్దరు పసిపిల్లలు, వృద్ధురాలైన తల్లి అతని సంపాదన మీదే బతుకుతున్నవారు. ఖననం జరిగిన మూడో రోజున లారీ యజమాని తరఫువారు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని వచ్చారు. 80,000 రూపాయలు చాప మీద పెట్టి, ఒక స్టాంపు కాగితం ముందుకు జరిపారు. "పోయిన మనిషి ఎలాగూ తిరిగిరాడు, కోర్టుల చుట్టూ ఆడకూతురిని తిప్పుతారా?" అన్నారు. అక్కడున్న వారందరం తలలూపాం. ఆ రాజీ కాగితం రాసింది కూడా మేమే. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసిన చేయి కదా, దస్తూరీ బాగుంటుందని మా చేతికే కలం ఇచ్చారు. మృతుడే అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డం వచ్చాడనీ, డ్రైవరు తప్పేమీ లేదనీ వారు చెప్పిన వాక్యాన్ని మేము పొల్లుపోకుండా రాశాం. తెర వెనుక నుంచి ఆ అమ్మాయి వేలిముద్ర వేసింది.

కొన్ని నెలల తరువాత వేరే పని మీద జిల్లా కోర్టుకు వెళ్ళినప్పుడు, పరిచయమున్న ఒక న్యాయవాదితో ఈ సంగతి ప్రస్తావించాం. ఆయన ఒక కాగితం తీసుకొని అయిదు నిమిషాల్లో లెక్క వేసి చూపించారు. ఆ కుటుంబానికి రావలసిన మొత్తం 30 లక్షల పైమాటే. మేము ఇప్పించింది 80,000. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. మేము చేసిన పొరపాటు మరే మొహల్లాలోనూ, మరే పెద్దమనిషి చేతా జరగకూడదు.

లెక్క ఎలా వచ్చింది?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ప్రమాదంలో గాయపడినవారు గానీ, మరణించినవారి మీద ఆధారపడినవారు గానీ సెక్షన్ 166 కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కోరవచ్చు. ఆ మొత్తం జడ్జి గారి దయ మీదో, మన కన్నీళ్ళ మీదో ఆధారపడింది కాదు. 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేథీ కేసులోను సుప్రీంకోర్టు దానికి స్పష్టమైన లెక్కను ఏర్పరచింది.

మా సోదరుని విషయమే చూద్దాం. నెలసరి సంపాదన 15,000 అనుకుందాం. స్వయం ఉపాధితో బతికే 40 ఏళ్ళలోపు మనిషికి భవిష్యత్తులో పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలపాలి. 21,000 అయింది. ఆధారపడినవారు నలుగురు కనుక, అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసివేయాలి. మిగిలింది 15,750. ఏడాదికి 1,89,000. 31 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసువారికి ఈ మొత్తాన్ని 16తో గుణించాలి. అంటే 30,24,000 రూపాయలు. భర్తను కోల్పోయిన భార్యకు, తండ్రిని కోల్పోయిన పిల్లలకు, కొడుకును కోల్పోయిన తల్లికి వియోగం కింద ఇచ్చేది, అంత్యక్రియల ఖర్చు, ఇవి వేరు.

ఇంకొక మాట. డ్రైవరు తప్పును రుజువు చేయవలసిన అవసరమే లేకుండా, సెక్షన్ 164 కింద మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు పొందే మార్గం కూడా 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఈ మార్గంలో సొమ్ము తీసుకుంటే 166 కింది కేసు ముగిసిపోతుంది గనుక తొందరపడి ఎంచుకోరాదు. కానీ ఆ కనీస మొత్తంలో ఆరో వంతు కూడా మేము ఆ అమ్మాయికి ఇప్పించలేకపోయాం.

ఆ లారీకి బీమా ఉంది. పరిహారం చెల్లించవలసింది బీమా సంస్థ. మరి యజమాని తన జేబులోంచి 80,000 ఎందుకు తీశాడు? డ్రైవరు మీది క్రిమినల్ కేసు పలచబడాలని. ఆ పని మా కలంతోనే జరిగిపోయింది.

సబర్ వేరు, హక్కు వదులుకోవడం వేరు

మన ఇళ్ళలో ఈ విషయం ఎత్తగానే మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, ఇది తఖ్దీర్, సబర్ చేయాలి అన్నది. నిజమే, ఆపద వచ్చినప్పుడు సహనం వహించడం విశ్వాసి లక్షణం. అయితే పొరపాటున ప్రాణం తీసినవాడు కూడా మృతుని వారసులకు దియత్ చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరా 92వ ఆయత్‌లో ఆదేశించింది. వారసులు తమంతట తాము క్షమించి వదిలిపెడితే అది వేరు. అంటే మొదట హక్కు ఏర్పడింది, ఆ తరువాతనే క్షమకు చోటు కలిగింది. తనకు ఏం రావాలో తెలిసి, ఎవరి ఒత్తిడీ లేకుండా వదిలితే దాన్ని క్షమ అనవచ్చు. తెలియక వేలిముద్ర వేస్తే అది మోసపోవడమే. పైగా అందులో యతీములైన పిల్లల వాటా కూడా ఉంది. యతీముల సొమ్మును వదిలేసే అధికారం చాప మీద కూర్చున్న మనకు ఎవరిచ్చారు?

రెండోది, బీమా సొమ్ము మనకు తగదు అన్నది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. బీమా పాలసీ కొన్నది మనం కాదు, వాహన యజమాని. అది కూడా సెక్షన్ 146 ప్రకారం చట్టం నిర్బంధం చేస్తే కొన్నాడు. మనకు రావలసింది నష్టం కలిగించినవాడి బాధ్యత. అతని తరఫున ఎవరు చెల్లిస్తారన్నది అతనికీ, బీమా సంస్థకూ మధ్య ఉన్న ఒప్పందం. ట్రిబ్యునల్ మంజూరు చేసే వడ్డీ భాగం గురించి ఎవరి మనసులోనైనా శంక ఉంటే ఉలమాలను అడిగి తెలుసుకోవచ్చు. ఆ శంకతో అసలు మొత్తాన్నే వదులుకోవడం వివేకం కాదు.

మూడోది, పోస్టుమార్టం. జనాజా ఆలస్యమవుతుందనీ, మృతదేహానికి బాధ కలుగుతుందనీ చాలామంది వద్దంటారు. ఆ మనోవేదనను మేము తక్కువ చేయము. ఖననం త్వరగా జరగాలన్నది మనకు ఎంతో ముఖ్యం. కానీ ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక లేకపోతే ఆ మరణం ప్రమాదం వల్లనే సంభవించిందని నిరూపించడం చాలా కష్టం. పెద్దలు ఆస్పత్రి వద్ద నిలబడి పని త్వరగా జరిగేలా చూడాలి. వద్దని గొడవ చేసి దేహాన్ని తెచ్చుకోవడం, వెనుక మిగిలినవారికి అన్యాయం చేయడమే.

ఇద్దత్ రోజులూ ఆరు నెలల గడువూ

2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు క్లెయిము దాఖలు చేయాలి. ఈ నిబంధన మిగతా వారికంటే మన వితంతువుల మీద ఎక్కువ బరువు మోపుతుంది. భర్త చనిపోయిన స్త్రీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. గర్భవతి అయితే ప్రసవం వరకు. అది ముగిసి ఆమె గడప దాటేసరికి గడువులో మిగిలేది యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, పోలీసు రికార్డుల నకళ్ళు, అన్నీ సమకూరాలి. మా పట్టణపు అమ్మాయి విషయంలో జరిగింది ఇదే. ఇద్దత్ ముగిసేదాకా ఎవరూ కదలలేదు. మాకు సంగతి తెలిసేసరికి ఆరు నెలలు దాటిపోయాయి.

ఇద్దత్‌లో ఉన్న స్త్రీ కోర్టుకు రానక్కరలేదు. న్యాయవాది గానీ, ఆయన తరఫువారు గానీ ఇంటికే వచ్చి వకాలత్‌నామా మీద సంతకం తీసుకోవచ్చు. కాగితాలు సేకరించే పని అన్నదమ్ములు చేయవచ్చు. కేసు కూడా ప్రమాదం జరిగిన ఊళ్ళోనే వేయాలన్న నియమం లేదు. క్లెయిము వేసేవారు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. హైదరాబాద్ దగ్గర ప్రమాదం జరిగినా కర్నూలులో ఉండే తల్లి కర్నూలులోనే దాఖలు చేయవచ్చు.

పోలీసులు 48 గంటల్లో ప్రథమ ప్రమాద నివేదికను, ఆ తరువాత సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలని 2022 నాటి నియమాలు చెబుతున్నాయి. వాటిని కచ్చితంగా పాటించాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. స్టేషనుకు వెళ్ళి ఆ నివేదిక పంపారా అని మర్యాదగా అడగడం మన హక్కు. గడువు దాటినవారు కూడా న్యాయవాదిని సంప్రదించకుండా ఆశ వదులుకోరాదు. ఈ గడువు నిబంధన న్యాయస్థానాల్లో సవాలుకు గురైంది.

తెగిన చేయి, గుమాస్తా చేయి

మరణాల కంటే మన వాళ్ళు ఎక్కువ నష్టపోతున్నది గాయాల కేసుల్లో. ఆటో నడిపేవారు, లారీ క్లీనర్లు, వెల్డింగ్ పనివారు, మెకానిక్కులు, తోపుడుబండ్లవారు, వీరంతా ఒంటి బలంతో బతికేవారు. కాలో చెయ్యో పోతే వారి జీవనాధారమే పోయినట్టు.

2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఒక ఉదాహరణ చదివినప్పుడు మేము మా చేతిని ఒకసారి చూసుకున్నాం. ఎడమ చేయి పోయిన మనిషికి వైద్యులు 60 శాతం వైకల్యం అని రాయవచ్చు. అతను డ్రైవరో, వడ్రంగో అయితే సంపాదన నష్టం దాదాపు నూరు శాతం. అదే అతను ప్రభుత్వ గుమాస్తా అయితే ఉద్యోగం నిలబడుతుంది, సంపాదన నష్టం లేకపోవచ్చు. కనుక డాక్టరు రాసిన శాతాన్ని కాదు, ఆ మనిషి చేసే పనికి కలిగిన నష్టాన్ని లెక్కించాలని కోర్టు చెప్పింది. పింఛను కోసం సదరం శిబిరంలో ఇచ్చిన శాతమే చివరి మాట అని ఎవరైనా అంటే ఒప్పుకోరాదు. ఏ పని చేసేవాడో, ఇప్పుడు ఏ పని చేయలేకపోతున్నాడో సాక్ష్యంతో సహా చెప్పాలి.

గాయపడిన మనిషి బతికే ఉన్నాడు గనుక సొంత ఖర్చు కింద కోత కూడా ఉండదు. వైద్య ఖర్చులు, మంచం పట్టిన నెలల సంపాదన, తోడు ఉన్నవారి కష్టం, కృత్రిమ అవయవం, పడిన బాధ, అనుభవించలేకపోతున్న జీవితం, పెళ్లి కాని యువతీ యువకులైతే చెదిరిన పెళ్లి ఆశలు, ఇవన్నీ విడివిడిగా అడగదగినవే. ఆరోగ్యశ్రీలో చికిత్స ఉచితంగా జరిగిందని మిగతా హక్కులు పోవు.

మన ఇంటి ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. "ఆమె సంపాదించేది ఏముంది?" అని గృహిణి గాయాన్ని తేలిక చేస్తుంటాం. వంట చేసి, పిల్లలను పెంచి, ఇంటిని నిలబెట్టే శ్రమకు విలువ కట్టి పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. 2021లో మరోసారి గట్టిగా చెప్పింది.

సంపాదనకు రుజువు లేదని కూడా చాలామంది వెనకడుగు వేస్తారు. కాలు కోల్పోయిన ఒక కూరగాయల వ్యాపారి కేసులో 2014లో సుప్రీంకోర్టు, అటువంటి వ్యాపారి నుంచి ఆదాయపు పత్రాలు ఆశించడం తగదని స్పష్టం చేసి, ఆయనకు తగిన ఆదాయాన్ని తానే అంచనా వేసి లెక్కకట్టింది. అయినా ఉన్న ఆధారాలను పోగొట్టుకోరాదు. బ్యాంకు పాసుపుస్తకం, ఫోనులో జరిగిన చెల్లింపుల పట్టీ, సామాను కొన్న రసీదులు, పని ఇచ్చిన మేస్త్రీ మాట, అన్నీ పనికొస్తాయి.

కాగితం దగ్గర జరిగే తప్పులు

గుమాస్తాగా బతికినవాళ్ళం గనుక కాగితాల గురించి చెప్పే అర్హత కొంత ఉందనుకుంటున్నాం. అన్నింటికంటే పెద్ద తప్పు ప్రమాదం జరిగిన మొదటి గంటలోనే జరుగుతుంది. పోలీసు గొడవ ఎందుకని "బండి మీద నుంచి జారిపడ్డాడు" అని ఆస్పత్రిలో చెబుతారు. డాక్టరు అదే రాసుకుంటాడు. ఆరు నెలల తరువాత ఢీకొన్న కారు నంబరు చెబితే, బీమా సంస్థ న్యాయవాది ఆ మొదటి వాక్యాన్నే చదివి వినిపిస్తాడు. జరిగింది జరిగినట్టు చెప్పాలి. వాహనం నంబరు, చూసినవారి పేర్లు అప్పుడే రాసుకోవాలి. ప్రమాదం నాటి నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. దాని గురించి ఆస్పత్రిలో అడగాలి.

రెండో తప్పు పేర్లది. ఆధార్‌లో షేక్ మస్తాన్ వలీ, రేషన్ కార్డులో ఎస్.కె. మస్తాన్, లైసెన్సులో మస్తాన్ షేక్, ఆస్పత్రి చీటీలో ఒట్టి మస్తాన్. మనకు నలుగురూ ఒకడే. కార్యాలయంలో నలుగురూ నలుగురే. మహమ్మద్ అన్న పేరునే ఎన్ని రకాలుగా రాస్తారో మా బల్ల మీద చూశాం. ఆస్పత్రిలో చేర్చేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టు పేరు రాయించడం వల్ల ఎన్నో నెలల తిరుగుడు తప్పుతుంది.

మూడో తప్పు ఖాళీ కాగితాల మీద సంతకాలు. ఆస్పత్రి వరండాలోకే వచ్చే దళారులు "మాకు సగం, మీకు సగం" అంటారు. కేసు ఫలితంలో వాటా తీసుకునే పద్ధతి న్యాయవాదులకు నిషిద్ధం. అంతెందుకు, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలోనూ ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. లోక్ అదాలత్‌లో రాజీ పడే ముందు మాత్రం లెక్క చూసుకోవాలి. అక్కడ అవార్డు అయ్యాక అప్పీలు ఉండదు.

ఢీకొట్టిన వాహనం దొరకకపోయినా దారి మూసుకుపోదు. అటువంటి కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం ఉంది. దరఖాస్తు ఆ ప్రాంతపు రెవెన్యూ అధికారికి ఇవ్వాలి. దీనికోసం అడిగిన కుటుంబాలు మా ఎరుకలో చాలా తక్కువ.

మన వైపు నుంచి

హక్కు అడిగే సమాజం బాధ్యత కూడా మోయాలి. ఆటోలు, లారీలు నడిపి బతికే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. బీమా గడువు తీరిన బండి రోడ్డెక్కి ఎవరినైనా ఢీకొంటే పరిహారమంతా యజమాని ఇల్లు వాకిలి మీద పడుతుంది. లైసెన్సు లేని కొడుక్కి బండి ఇస్తే, బీమా సంస్థ బాధితునికి చెల్లించినా ఆ సొమ్మును తిరిగి మన దగ్గరే వసూలు చేసుకోగలదు. ఆ గాయపడినవాడు ఏ మతంవాడైనా, అతని పిల్లల హక్కు మన పిల్లల హక్కు వంటిదే. సరుకు లారీల మీదా, ట్రాక్టర్ ట్రాలీల మీదా ప్రయాణించేవారికి సాధారణంగా బీమా రక్షణ దొరకదన్న సంగతి పెళ్లిళ్ళకూ ఉర్సులకూ బయలుదేరే ముందు గుర్తుంచుకోవాలి. సొంత బండి నడిపే యజమానులు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా భాగాన్ని పాలసీలో ఉంచుకున్నారో లేదో చూసుకోవాలి. తన పొరపాటు వల్ల తానే గాయపడితే అతనికి మిగిలే ఆధారం అదొక్కటే.

మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒకటే. జనాజా ఏర్పాట్లు చూసే మనుషులు ప్రతి మస్జిద్‌లోనూ ఉన్నారు. ప్రమాదం జరిగిన ఇంటికి వెళ్ళి కాగితాలు చూసే మనిషిని కూడా ఒకరిని నియమించండి. చదువుకున్న యువకుడు, వీలైతే ఒక మహిళ. ఎఫ్ఐఆర్ నకలు వచ్చిందా, పోస్టుమార్టం నివేదిక వచ్చిందా, గడువు ఏ తేదీకి ముగుస్తుంది, ఈ మూడూ ఒక పుస్తకంలో రాసి పెట్టండి. నకళ్ళకూ ప్రయాణాలకూ అయ్యే ఖర్చు బైతుల్‌మాల్ నుంచి ఇవ్వండి. జుమా తరువాత ఏడాదికి రెండు సార్లు అయిదు నిమిషాలు ఈ సంగతి చెప్పండి. పరిహారం మంజూరైతే అది వితంతువు పేరిట, పిల్లల పేరిట ఉన్న ఖాతాల్లోనే పడేలా చూడండి. ఏ మామ గారి చేతికో, ఏ మరిది చేతికో వెళితే ఆ సొమ్ము ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

మా పట్టణపు అమ్మాయి తరఫున, ఆలస్యానికి కారణాలు వివరిస్తూ, న్యాయ సేవాధికార సంస్థ సాయంతో క్లెయిము వేయించాం. మేము రాసిన ఆ కాగితమే ఎదుటిపక్షం చేతిలో ఆయుధమైంది. అది ఏ పరిస్థితిలో రాయబడిందో సాక్ష్యం చెప్పడానికి మేము ఒప్పుకున్నాం. బోనులో నిలబడి "ఆ దస్తూరీ మాదే, ఆ వాక్యం మాత్రం మేము చూసింది కాదు, వారు చెప్పగా రాసింది" అని చెప్పవలసిన రోజు రానున్నది. ఈ వయసులో ఆ మాట చెప్పడం సులువు కాదు. అయినా చెబుతాం. రేపు అల్లాహ్ సన్నిధిలో యతీముల వాటా గురించి అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు అంతకంటే కష్టమైనది.

ఈసారి మీ మొహల్లాలో ఎవరి ఇంటి ముందైనా చాప పరిచి, స్టాంపు కాగితం తెచ్చి, మీ చేతికి కలం ఇస్తే, దయచేసి ఆ కలం మూత పెట్టండి. ముందు లెక్క చూద్దాం అనండి.